యాభైల్లోనే ఉద్యోగానికి సెలవు: పరిమిత రాబడితో బతుకు దిద్దుకోవడం

పదవీ విరమణ వయసు రాకముందే ఉద్యోగం మానేసిన మనిషికి మూడు లెక్కలు ఒకేసారి మారిపోతాయి. మొదటిది, ఒకటో తారీఖు జీతం ఆగిపోతుంది. రెండోది, ఆ జీతం లేకుండా గడపాల్సిన కాలం పెరుగుతుంది. అరవై ఏళ్ళకు విరమించినవారు ఇరవై, ఇరవై అయిదేళ్ళకు సిద్ధపడితే సరిపోతుంది. యాభై ఏళ్ళకే మానినవారు ముప్పై, ముప్పై అయిదేళ్ళకు సిద్ధపడాలి. మూడోది చాలామంది గమనించనిది: వృద్ధుల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకాలు, రాయితీలు చాలావరకు అరవై ఏళ్ళ దాకా వారికి అందవు. ఈ మధ్యకాలాన్ని దాటించడమే ముందస్తు విరమణలో అసలు సమస్య. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇలాంటి కుటుంబాలు తక్కువేమీ కావు.

ముందే మానేవారు ఎవరు

ఇటీవలి కాలంలో పెద్ద ఉదాహరణ బీఎస్‌ఎన్‌ఎల్. 2019 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన పునరుద్ధరణ ప్యాకేజీలో భాగంగా యాభై ఏళ్ళు నిండిన ఉద్యోగులకు స్వచ్ఛంద విరమణ పథకం ఇచ్చారు. దేశమంతటా 78 వేలకు పైగా ఉద్యోగులు 2020 జనవరి 31న ఒకేరోజు ఇంటిదారి పట్టారు. వారిలో తిరుపతి, చిత్తూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో దశాబ్దాలు పనిచేసినవారూ ఉన్నారు. చేసిన ప్రతి ఏడాది సర్వీసుకు 35 రోజుల జీతం, మిగిలిన ప్రతి ఏడాదికి 25 రోజుల జీతం చొప్పున పరిహారం లెక్కగట్టారు. పెన్షన్ ఉండడం వీరికి పెద్ద అండ. అయితే పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఏకమొత్తంగా తీసుకునే కమ్యుటేషన్‌ను అరవై ఏళ్ళ దాకా వాయిదా వేశారు.

రెండో వర్గం మాజీ సైనికులు. పదిహేనేళ్ళ సర్వీసు పూర్తయితే సిపాయికి పెన్షన్ అర్హత వస్తుంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ వయసులో చేరినవారు నలభై దాటకముందే ఊరికి తిరిగొస్తారు. పెన్షన్‌తో పాటు ఈసీహెచ్‌ఎస్ వైద్య సదుపాయం ఉంటుంది కానీ, పిల్లల చదువులు అప్పటికి సగంలో ఉంటాయి.

మూడో వర్గం రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు. ఆంధ్రప్రదేశ్‌లో విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. అయినా ఇరవై ఏళ్ళ సర్వీసు నిండినవారు మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి స్వచ్ఛందంగా తప్పుకోవచ్చు. పాత పెన్షన్ ఉన్నవారికి సర్వీసును బట్టి పెన్షన్ తగ్గుతుంది. 2004 సెప్టెంబరు తర్వాత చేరిన సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్) ఉద్యోగుల లెక్క వేరు. ముందుగా తప్పుకుంటే పోగైన నిధిలో ఎక్కువ భాగాన్ని నెలవారీ పెన్షన్ ఇచ్చే యాన్యుటీ కొనడానికే కేటాయించాలి. చేతికి వచ్చేది కొంతే.

నాలుగో వర్గం అన్నిటికంటే బలహీనమైనది, సంఖ్యలో పెద్దది: ప్రైవేటు కంపెనీల కార్మికులు, చిన్న ఉద్యోగులు. 2002లో మూతపడిన చిత్తూరు సహకార డెయిరీ లాంటి సంస్థల ఉద్యోగులకు విరమణ తాము కోరుకున్నది కాదు, నెత్తిన పడింది. ఆరోగ్యం చెడి, కంపెనీ తగ్గించి, ఇంట్లో పెద్దవాళ్ళను చూసుకోవాల్సి వచ్చి మానినవారూ ఇందులోకే వస్తారు. వీరికి ఉండేది పీఎఫ్, గ్రాట్యుటీ, ఈపీఎస్-95 (ఉద్యోగుల పెన్షన్ పథకం) కింద వచ్చే చిన్న పెన్షన్ మాత్రమే. ఈ వ్యాసం ముఖ్యంగా వీరి గురించే.

చేతికి వచ్చేది ఎంత

గ్రాట్యుటీ లెక్క సులభం. చివరి నెల మూలవేతనం, డీఏ కలిపి, దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాదికి వచ్చే మొత్తం. దాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించాలి. 26,000 రూపాయల మీద ఇరవై ఏళ్ళు చేసినవారికి మూడు లక్షలు వస్తుంది.

ఈపీఎస్ పెన్షన్ లెక్కలో జీతానికి పరిమితి ఉంది. 2014 సెప్టెంబరు నుంచి అది నెలకు 15,000, అంతకుముందు 6,500. పెన్షన్‌కు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగిస్తారు. ఇరవై ఏళ్ళు నిండినవారికి మరో రెండేళ్ళు కలుపుతారు. పూర్తి 15,000 మీద లెక్కగట్టినా, ఇరవై ఏళ్ళ సర్వీసుకు నెలకు వచ్చేది సుమారు 4,700 రూపాయలు. పాత పరిమితి కింద ఉన్న సర్వీసు వల్ల చాలామందికి ఇంతకంటే తక్కువే వస్తుంది. 2014లో నిర్ణయించిన కనీస పెన్షన్ వెయ్యి రూపాయలు.

పూర్తి పెన్షన్ 58 ఏళ్ళకు మొదలవుతుంది. యాభై నిండాక ముందుగానే తీసుకోవచ్చు, కానీ 58కి తక్కువైన ప్రతి ఏడాదికి నాలుగు శాతం చొప్పున కోత పడుతుంది. ఆ కోత జీవితాంతం ఉంటుంది. 52 ఏళ్ళకు తీసుకుంటే 4,700 కాస్తా సుమారు 3,600 అవుతుంది. ముందు ఆరేళ్ళలో అందుకున్న సొమ్మును లెక్కలోకి తీసుకుంటే, ఆగినవారికి లాభం కనిపించేది డెబ్భై అయిదు దాటాకే. కాబట్టి వేరే ఆధారం ఉన్నవారు ఆగవచ్చు. లేనివారు ముందుగా తీసుకుంటే తప్పులేదు. తప్పు మరొకచోట జరుగుతుంది. పదేళ్ళ సర్వీసు నిండి, యాభై నిండకుండా మానేసినవారు పెన్షన్ హక్కును గాలికి వదిలేస్తారు. వారు పీఎఫ్ కార్యాలయం నుంచి స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని భద్రపరచుకోవాలి. మళ్ళీ ఉద్యోగంలో చేరితే ఆ సర్వీసు కలుస్తుంది. చేరకపోయినా వయసు రాగానే పెన్షన్ అడగవచ్చు.

ఎన్నేళ్ళకు ఎంత కావాలి

అమెరికాలో ముందస్తు విరమణ కోరుకునేవారు ఒక సూత్రం చెప్పుకుంటారు. 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు అక్కడి మార్కెట్ల పాత లెక్కలు చూసి, పొదుపు మొత్తంలో మొదటి ఏడాది నాలుగు శాతం తీసుకుని, తర్వాత ఏటా ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచుకుంటూ పోయినా ముప్పై ఏళ్ళు సొమ్ము నిలుస్తుందని తేల్చారు. దాన్ని తిరగేసి చెబితే, ఏడాది ఖర్చుకు 25 రెట్లు పోగుచేయాలి. నెలకు 25,000 ఖర్చుపెట్టే ఇంటికి 75 లక్షలు అన్నమాట. ఇది అక్కడి షేర్లు, బాండ్లు, అక్కడి ధరల మీద, ముప్పై ఏళ్ళ కాలానికి వేసిన లెక్క. ధరలు వేగంగా పెరిగే మన దేశంలో, అంతకంటే ఎక్కువ కాలానికి, నాలుగు శాతం కూడా ధైర్యంగా తీసుకోదగ్గది కాదు.

తిరుపతిలో ఒక ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన కార్మికుడి దగ్గర 75 లక్షలు ఉండవు. అందుకని ఆ సూత్రం పనికిరానిదేమీ కాదు. అది నేర్పేది ఒకటే: నెల ఖర్చులో తగ్గిన ప్రతి వెయ్యి రూపాయలకు మూడు లక్షల పొదుపు అవసరం తగ్గుతుంది. పరిమిత రాబడి ఉన్నవారికి పొదుపు పెంచుకోవడం చేతిలో లేకపోవచ్చు. ఖర్చు దిద్దుకోవడం చేతిలో ఉంటుంది.

ధరల పెరుగుదలకు ఇంకో సులువైన లెక్క ఉంది. 72ను ధరలు పెరిగే శాతంతో భాగిస్తే, ఖర్చు రెట్టింపు కావడానికి పట్టే ఏళ్ళు వస్తాయి. ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్ళలో 25,000 ఖర్చు 50,000 అవుతుంది. 52 ఏళ్ళ వ్యక్తి 64కి వచ్చేసరికి ఇదీ పరిస్థితి. వడ్డీ మాత్రం పెరగదు. అందుకే డబ్బంతా డిపాజిట్లలోనే పెట్టడం మొదట్లో నిశ్చింతగా అనిపించినా, పదేళ్ళ తర్వాత ఇరుకున పెడుతుంది.

నెల నెలా రాబడి వచ్చే దారులు

పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకానికి వయసు అడ్డు లేదు. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కరి పేర 9 లక్షలు, ఉమ్మడిగా 15 లక్షల దాకా పెట్టవచ్చు. 2025లో వడ్డీ 7.4 శాతం. భార్యాభర్తలు 15 లక్షలు పెడితే నెలకు 9,250 రూపాయలు అయిదేళ్ళపాటు వస్తాయి. యాభైల్లో విరమించినవారికి ఇదే మొదటి మెట్టు.

సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ వడ్డీ 2025లో 8.2 శాతం, పరిమితి 30 లక్షలు, వడ్డీ మూడు నెలలకోసారి వస్తుంది. దీనికి అరవై ఏళ్ళు నిండాలి. అయితే ఉద్యోగం నుంచి విరమించినవారు, స్వచ్ఛంద విరమణతో సహా, 55 నిండితే విరమణ సొమ్ము అందిన మూడు నెలల్లోపు చేరవచ్చు. సైన్యం నుంచి వచ్చినవారికి యాభై ఏళ్ళు చాలు. ఈ మూడు నెలల గడువు తెలియక చాలామంది అవకాశం పోగొట్టుకుంటారు. 54 ఏళ్ళ పది నెలలకు ఉద్యోగం మానేయాలనుకునేవారు, వీలైతే రెండు నెలలు ఆగి 55 నిండాక మానడం మంచిది.

బ్యాంకు డిపాజిట్లలో అరవై నిండనివారికి అదనపు వడ్డీ ఉండదు. ఒక బ్యాంకులో ఒక వ్యక్తి డిపాజిట్‌కు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకానే బీమా రక్షణ. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. చిన్న సహకార బ్యాంకుల్లో అర శాతం ఎక్కువ వడ్డీ కోసం మొత్తం పెట్టేవారు ఈ పరిమితిని మరువకూడదు.

రేట్లను ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. కాబట్టి డబ్బంతా ఒకేరోజు ఒకే గడువుకు కాకుండా, ఒక్కో ఏడాది ఒక్కో భాగం చేతికొచ్చేలా విడగొట్టి వేయాలి. రేటు తగ్గినా దెబ్బ ఒక భాగం మీదే పడుతుంది. అత్యవసరానికి ఏదో ఒక డిపాజిట్ దగ్గరలోనే గడువుకు వస్తుంది.

పన్ను గురించి ఎక్కువ బెంగ అక్కర్లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో ఏటా 12 లక్షల దాకా పెన్షన్, వడ్డీ ఆదాయం మీద రిబేటు వల్ల పన్ను పడదు. బ్యాంకు మూలంలోనే పన్ను కోసి ఉంటే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఒక ఇంటి లెక్క

ఊహకు ఒక కుటుంబాన్ని తీసుకోవచ్చు. భర్తకు 52, భార్యకు 48. తిరుపతి శివార్లలో అప్పులేని సొంతిల్లు. విరమణ సొమ్ము అంతా కలిపి 40 లక్షలు. నెల ఖర్చు 25,000.

మూడు లక్షలు సేవింగ్స్ ఖాతాలో, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా. 15 లక్షలు పోస్టాఫీసు నెలవారీ పథకంలో: నెలకు 9,250. మరో 12 లక్షలు అయిదేళ్ళ పోస్టాఫీసు టైమ్ డిపాజిట్‌లో 7.5 శాతానికి: ఏడాదికి సుమారు 90,000, అంటే నెలకు 7,500. మిగిలిన 10 లక్షలు పదేళ్ళ దాకా ముట్టుకోనని నిర్ణయించుకుని, ఇండెక్స్ ఫండ్, హైబ్రిడ్ ఫండ్ లాంటి మ్యూచువల్ ఫండ్లలో కొద్దికొద్దిగా, ఏడాది రెండేళ్ళ మీద.

నెల రాబడి 16,750. ఖర్చుకు 8,250 తక్కువ. ఈ లోటును అసలు నుంచి తీసుకుంటే ఏటా దాదాపు లక్ష తరిగిపోతుంది. వడ్డీ కూడా దానితో తగ్గుతుంది, ధరలతో పాటు లోటూ పెరుగుతుంది. పదిహేనేళ్ళు తిరిగేలోపు ఇల్లు తప్ప ఏమీ మిగలదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. అదే లోటును ఏదో ఒక చిన్న పనితో పూడ్చగలిగితే అసలు చెక్కుచెదరదు. 58కి ఈపీఎస్ పెన్షన్ తోడవుతుంది. అరవైకి ఆ 27 లక్షల డిపాజిట్లను సీనియర్ సిటిజన్స్ పథకంలోకి మార్చితే, 2025 రేటు ప్రకారం నెలకు 18,450 వస్తుంది. పెరుగుదల కోసం పెట్టిన పది లక్షలు ధరలతో పోటీ పడడానికి అప్పుడు అక్కరకొస్తాయి. మార్కెట్ లాభానికి హామీ లేదు కాబట్టి, తిండికి కావాల్సిన సొమ్ము అందులో ఉండకూడదు.

ఈ లెక్క మొత్తం ఒక్క సంగతి చెబుతుంది. యాభై నుంచి అరవై దాకా ఉన్న పదేళ్ళు అసలును కాపాడుకోగలిగితే, తర్వాతి ఇరవై అయిదేళ్ళు దారిలో పడతాయి.

నెల ఖర్చు దిద్దుకోవడం

విరమించాక ఖర్చు దానంతటదే తగ్గుతుందనుకోవడం పొరపాటు. ఉద్యోగానికి పెట్టే ఖర్చు తగ్గుతుంది. ఇంట్లో ఉండే గంటలు పెరిగినందువల్ల కరెంటు, టిఫిన్లు, ప్రయాణాలు పెరుగుతాయి. ఉద్యోగం మానడానికి ముందే ఆరు నెలలు, రాబోయే రాబడికి సమానమైన సొమ్ముతో ఇల్లు నడిపి చూడటం మంచి పరీక్ష. జరిగితే ధైర్యంగా మానవచ్చు. జరగకపోతే ఎక్కడ బిగించాలో ముందే తెలుస్తుంది.

ఎక్కడ ఉండాలన్నది అన్నిటికంటే పెద్ద ఖర్చు నిర్ణయం. తిరుపతి యాత్రాస్థలం, విద్యాకేంద్రం, వైద్యకేంద్రం. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్, పెద్ద ఆసుపత్రులు ఉన్నందున అద్దెలు, స్థలాల ధరలు మిగతా ఊళ్ళకంటే ఎక్కువ. చంద్రగిరి, పాకాల, పుత్తూరు, చిత్తూరు, పలమనేరు లాంటి చోట్ల అదే ఇల్లు తక్కువకు దొరుకుతుంది. తిరుపతిలో సొంతిల్లు ఉన్నవారు దాన్ని అద్దెకిచ్చి, చిన్న ఊళ్ళో తక్కువ అద్దెకు ఉంటే తేడా నెల రాబడిగా మారుతుంది. కానీ ఆసుపత్రికి, బస్టాండుకు, బంధువులకు మరీ దూరంగా వెళ్ళకూడదు. డెబ్భై ఏళ్ళ వయసులో రాత్రిపూట ఆటో దొరకని ఊరు చౌక కాదు.

కొన్ని తగ్గింపులు ఒక్కసారి కుదిరితే ఏళ్ళపాటు కలిసొస్తాయి. ఇంటి మీద సౌర ఫలకాలకు పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఎండ పుష్కలంగా ఉండే సీమలో ఇది మంచి పెట్టుబడి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. అరవై నిండిన మగవారికి ఆర్టీసీలో 25 శాతం రాయితీ. 1999లో మొదలైన రైతుబజార్లలో కూరలు, జన ఔషధి దుకాణాల్లో మందులు తీసుకుంటే నెల బడ్జెట్‌లో మార్పు కళ్ళకు కనబడుతుంది. రెండు బండ్లున్న ఇంట్లో ఒకటి అమ్మేస్తే పెట్రోలు, బీమా, రిపేర్లు మూడూ తగ్గుతాయి.

బిగించాల్సిన అసలు చోటు వేరే ఉంది: పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, చదివింపులు. జీతం ఉన్న రోజుల్లో ఇచ్చిన స్థాయిలోనే ఇవ్వాలన్న పట్టుదల చాలా ఇళ్ళను అప్పుల్లోకి దింపుతుంది. ఏడాదికింత అని ముందే పక్కనపెట్టి, ఆ పరిధిలోనే ఇవ్వడంలో చిన్నతనం లేదు. వెళ్ళి పనిలో చెయ్యి కలిపే మనిషిని బంధువులు తక్కువగా చూడరు.

వైద్యం: ముందు పూడ్చాల్సిన గొయ్యి

పరిమిత రాబడి కుటుంబాన్ని ఒక్క దెబ్బతో కూల్చేది ఆసుపత్రి బిల్లు. కంపెనీ ఇచ్చిన గ్రూపు బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. కాబట్టి సొంత ఆరోగ్య బీమా ఉద్యోగంలో ఉండగానే, బీపీ, షుగరు బయటపడకముందే తీసుకోవడం మేలు. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్ళు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ తీసేశారు.

ఈఎస్‌ఐ కింద ఉన్న కార్మికులకు పెద్దగా తెలియని సదుపాయం ఒకటుంది. కనీసం అయిదేళ్ళు ఈఎస్‌ఐ చందాదారుగా ఉండి, విరమణ వయసు వచ్చి గానీ, స్వచ్ఛంద విరమణతో గానీ బయటికొచ్చినవారు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ ఈఎస్‌ఐ వైద్యం కొనసాగుతుంది. రాష్ట్రంలో అర్హత ఉన్న కుటుంబాలకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటుంది. డెబ్భై దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల రక్షణ ప్రకటించారు.

వైద్యం విషయంలో ఈ ప్రాంతం అదృష్టవంతమైనది. తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రి, టీటీడీ ఆధ్వర్యంలో వెలిసిన స్విమ్స్, ఎముకల వైద్యానికి బర్డ్, అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. చిత్తూరు నుంచి రాయవేలూరు సీఎంసీ దగ్గరే. బీమా తీసుకునేటప్పుడు ఈ ఆసుపత్రుల్లో ఏవి ఆ కంపెనీ నగదురహిత జాబితాలో ఉన్నాయో చూసుకోవాలి. బీమా ఉన్నా రెండు మూడు లక్షలు వైద్యానికని విడిగా ఉంచాలి.

చిన్న సంపాదన విలువ

నెలకు 8,000 రూపాయల సంపాదనను చాలామంది చులకనగా చూస్తారు. ఏడున్నర శాతం వడ్డీకి అంత రాబడి కావాలంటే బ్యాంకులో 12 లక్షల 80 వేలు ఉండాలి. రోజుకు మూడు నాలుగు గంటల పని అంత డిపాజిట్‌తో సమానం. మనిషికి పొద్దుపోవడం, నలుగురితో సంబంధం దానితో పాటు వచ్చే లాభం.

ఈ జిల్లాల్లో దారులున్నాయి. పిల్లలకు ట్యూషన్లు, దుకాణాలకు లెక్కలు రాయడం, జీఎస్టీ పనులు, అపార్టుమెంటు సంఘాల నిర్వహణ, విద్యాసంస్థల్లో కార్యాలయ పనులు, యాత్రికుల రాకతో నడిచే లాడ్జీలు, ట్రావెల్స్‌లో పార్ట్‌టైమ్ కొలువులు. పల్లెలో ఇల్లు, కొంచెం నీళ్ళు ఉన్నవారికి రెండు ఆవులు. పాడి చిత్తూరు పల్లెల్లో పాత ఆదరువు; మహిళా పాడి రైతులే యజమానులుగా 2014లో తిరుపతి కేంద్రంగా ఏర్పడిన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల సంస్థ దీనికి మంచి ఉదాహరణ. అయితే దాణా, పశుగ్రాసం, వైద్యం ఖర్చు తీసేశాకే పాల డబ్బును రాబడిగా లెక్కించాలి.

వ్యవసాయం కొత్తగా మొదలుపెట్టేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. విరమణ సొమ్ముతో మామిడితోట కొనాలన్న కోరిక ఈ వైపు చాలామందిది. 2025లో తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు నాలుగు రూపాయలు కలిపి పన్నెండు ఇప్పించాల్సి వచ్చింది. తోట ఇచ్చే ఆదాయం ఏడాదికోసారి, అదీ ధరను బట్టి. నెల నెలా బియ్యం, మందులు కొనాల్సిన ఇంటికి అది ఆధారం కాదు. ఉన్న తోటను చూసుకోవడం వేరు, అసలంతా పెట్టి కొనడం వేరు.

అసలును మింగే దారులు

పెద్ద మొత్తం చేతికొచ్చిన సంగతి ఊళ్ళో తెలియగానే సలహాలు మొదలవుతాయి. కనీసం ఆరు నెలలు ఎవరికీ మాట ఇవ్వకుండా, సొమ్మును తక్కువ గడువు డిపాజిట్లలో ఉంచడమే మొదటి రక్ష.

నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అంత వడ్డీ కట్టడానికి ఒప్పుకునే మనిషికి బ్యాంకు అప్పు దొరకలేదనే అర్థం. ప్రోనోటు రాయించుకున్నా మూడేళ్ళలోపు దావా వేయకపోతే చట్టం ముందు అది చెల్లదు. చీటీలు వేయాలనుకుంటే 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైనవే వేయాలి. తెలిసినవాళ్ళు ఇంట్లో నడిపే చీటీ ఎగిరిపోతే అడిగే చోటు ఉండదు.

స్థలాలు ఇస్తాం, అధిక రాబడి ఇస్తాం అని డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ పదేళ్ళ కిందట కుప్పకూలినప్పుడు లక్షల కుటుంబాలు నష్టపోయాయి. రాష్ట్ర ప్రభుత్వం 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు డిపాజిట్‌దారులకు డబ్బిచ్చింది. అంతకుమించి పెట్టినవారి ఎదురుచూపులు ఏళ్ళ తరబడి సాగాయి.

తిరుపతి చుట్టూ ప్లాట్ల వ్యాపారం జోరుగా ఉంటుంది. కొనేముందు అది ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టా భూమా, దేవాలయ లేదా మఠం భూమా, 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, లేఅవుట్‌కు తుడా (పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా అన్నవి చూసి, ఈసీ (ఎన్కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకుని, న్యాయవాదికి చూపించాలి. అన్నీ సవ్యంగా ఉన్నా ప్లాటు నెల నెలా రూపాయి ఇవ్వదు. ఉన్న సొమ్ములో ఎక్కువ భాగం అందులో పెట్టినవారు స్థలం ఉండీ చేతిలో డబ్బులేని స్థితికి వస్తారు.

ఫోనులో పోలీసులమని, సీబీఐ అని బెదిరించి డబ్బు వేయించుకునే మోసాలు విరమించినవారినే ఎక్కువగా వెతుక్కుంటాయి. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయరు. మోసం జరిగితే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

అన్నిటికంటే సున్నితమైనది పిల్లల విషయం. కొడుకు వ్యాపారానికి, కూతురి పెళ్ళికి, పైచదువుకు అసలు మొత్తం ఇచ్చేయడం ప్రేమగా కనిపిస్తుంది. చదువుకు బ్యాంకు అప్పిస్తుంది. ముసలితనానికి ఏ బ్యాంకూ అప్పివ్వదు. పిల్లలకు ఇవ్వదలిచింది ఎంతో ముందే విడదీసి, మిగతాది తల్లిదండ్రుల జీవనాధారమని ఇంట్లో అందరి ముందు స్పష్టంగా చెప్పాలి. రేపు పిల్లల మీద ఆధారపడకుండా బతకడమే వారికి చేసే పెద్ద సాయం.

రోజు గడిచే తీరు

పని ఆగిన మనిషికి డబ్బు కంటే ముందు రోజు బరువవుతుంది. ఏమీ తోచక చేసే ఖర్చు, షేర్లలో రోజువారీ బేరాలు, ఆన్‌లైన్ ఆటలు ఖాళీ గంటల నుంచే పుడతాయి. లేచే వేళ, నడక, పని, చదువు, పడుకునే వేళ ఒక క్రమంలో ఉంటే ఖర్చూ క్రమంలోనే ఉంటుంది.

డబ్బు లేకుండా సంతోషంగా గడపడానికి తిరుపతిలో కొదవ లేదు. మహతి ఆడిటోరియంలో, అన్నమాచార్య కళామందిరంలో సంగీత కచేరీలు, హరికథలు, ఉపన్యాసాలు జరుగుతుంటాయి. విశ్వవిద్యాలయ ఆవరణలో పొద్దుటి నడక, గ్రంథాలయాలు, 2000లో మొదలైన శ్రీవారి సేవ, ఊరి బడిలో పిల్లలకు చదువు చెప్పడం, పెరట్లో కూరపాదులు అన్నీ ఖర్చులేని కాలక్షేపాలే. భార్యాభర్తలిద్దరూ రోజంతా ఇంట్లో ఉండటం కొత్త అనుభవం. ఇంటిపని పంచుకోవడం, ఇద్దరికీ విడివిడిగా కొంత చేతిఖర్చు ఉండటం గొడవలను తగ్గిస్తాయి.

కాగితాలు, వారసులు

ఇంటి లెక్క ఒక్కరికే తెలిసి ఉండటం ప్రమాదం. ఖాతాలు, డిపాజిట్లు, బీమా, పెన్షన్ నంబర్లు, ఇచ్చిన అప్పులు అన్నీ ఒక పుస్తకంలో రాసి, జీవిత భాగస్వామికి చూపించాలి. బ్యాంకు ఖాతాకు 2025 నవంబరు నుంచి నలుగురు నామినీల దాకా పెట్టవచ్చు. నామినీ ఉన్నా ఆస్తి పంపకానికి వీలునామా అవసరం. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, చేయించడం వివాదాలను తగ్గిస్తుంది. పెన్షనర్లు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మరువకూడదు. మానేసిన కంపెనీ పీఎఫ్ ఖాతాలో పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయేలా ఉద్యోగంలో ఉండగానే సరిచేయించుకోవాలి. తర్వాత అదే పెద్ద పనవుతుంది.

ముందుగా విరమించాలనుకునేవారు రాజీనామా ఇచ్చేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. అప్పులు తీరాయా? ఆరోగ్య బీమా సొంతంగా ఉందా? వచ్చే రాబడితో ఆరు నెలలు ఇల్లు నడిపి చూశారా? అరవై దాకా అసలును తాకకుండా లోటు పూడ్చే చిన్న పని ఏదైనా ఉందా? నాలుగింటికీ అవునన్న జవాబు వస్తే పరిమిత రాబడితో కూడా గౌరవంగా బతకవచ్చు. ఒక్కదానికి కాదని వచ్చినా, అది కుదిరేదాకా ఉద్యోగంలో కొనసాగడమే మంచిది. ఇప్పటికే మానేసినవారు, మానక తప్పనివారు ఆ నాలుగింటిలో లోటున్న చోటు నుంచి ఈ నెలే మొదలుపెట్టాలి.